మర్యాద మినహాయింపు

నమోదు 312, సోమవారం

ఇన్‌ఫెక్షన్ నియంత్రణ అధికారి రోజూ నమోదు రాయాలని రూలు. రాసినదాన్ని ఎవరైనా చదవాలని రూలు లేదు. ఈ సంగతి తెలిశాకే నేను మనసు విప్పి రాయడం మొదలుపెట్టాను.

నా పేరు దమయంతి. మెరకపాలెం పెద్దాసుపత్రి ఐసీయూలో సూక్ష్మజీవులకు నేనే పోలీసుని, లాఠీ మాత్రం లేదు. ఉన్న యాంటీబయాటిక్స్ అన్నీ మా తాతల కాలంలోనే జలుబుకీ, దగ్గుకీ, ఎందుకైనా మంచిదనీ వాడేసి పుణ్యం కట్టుకున్నారు. మిగిలింది ఒక్కటే. దాన్ని ఆఖరి మందు అంటారు. రాజధానిలో ఇనప్పెట్టెలో ఉంటుంది. పెట్టె తెరవాలంటే ఒక కమిటీ కూర్చోవాలి. కమిటీ కూర్చునేలోగా రోగి లేచి వెళ్లిపోతాడు, ఇంటికైనా, పైకైనా.

ఇవాళ రెండో మంచం మీది కొబ్బరి వ్యాపారి కఫంలో అల్లుడు కనిపించాడు. అల్లుడంటే ఏ మందుకీ లొంగని ఒక బ్యాక్టీరియా. అసలు పేరు పలకడానికి నోరు తిరగదు కనుక వార్డులో అందరం అలాగే అంటాం. పిలవకుండా వస్తాడు, ఏం పెట్టినా తృప్తి ఉండదు, వెళ్లే ఊసెత్తడు. అతనికి మా దగ్గరున్న మర్యాదల్లా కషాయం. బ్యాక్టీరియాను తినే వైరస్‌లు మురుగునీటిలో ఉంటాయి. వాటిని వెతికి పట్టుకుని, వడకట్టి, పెంచి రోగికి ఇస్తాం. ఒక రకం అల్లుణ్ణి తినే కషాయం ఇంకో రకాన్ని ముట్టుకోదు. ఊరి మురుగు మీద ఆధారపడి బతికే గొప్ప విజ్ఞానయుగం మాది.

రెండో మంచానికి పాత కషాయం పెట్టి అద్దాల గదిలోకి మార్చాం. పాపం, మొన్ననే వెంటిలేటర్ నుంచి బయటపడ్డాడు. సన్మానం కూడా చేశాం.

సన్మానం గురించి రాయాలి. ఈ కాలంలో ఐసీయూలోంచి ప్రాణాలతో బయటపడటం గొప్ప విషయం కాబట్టి, వెంటిలేటర్ తీసిన ప్రతి రోగికీ మంచం మీదే శాలువా కప్పి ఫోటో తీయించాలని మా సూపరింటెండెంట్ డాక్టర్ పేర్రాజు గారు ఒక పథకం పెట్టారు. ఆయనకు శాలువా కనిపిస్తే ఉపన్యాసం తన్నుకొస్తుంది. ఇవాళ ఆరో మంచం తాతారావు మాస్టారి వంతు. సముద్రం పాత టౌనును ముంచేయక ముందు ఆయన అక్కడి హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. శాలువాల బీరువా తాళం సమయానికి దొరకలేదని నా కుర్చీ మీద ఉన్న మెరూన్ శాలువా పట్టుకెళ్లారు. కిందటేడు ‘ఉత్తమ నియంత్రణ అధికారి’ అని నాకు కప్పింది అదే. ఏసీ చలికి భుజాల మీద వేసుకుని కూర్చుంటాను.

"చూశావా దమయంతీ, మాస్టారి మొహంలో ఆ కళ! ఇది ఆసుపత్రి కాదమ్మా. మనమంతా ఒకే కుటుంబం" అన్నారు పేర్రాజు గారు. కెమెరా అటు తిరిగాక మళ్లీ ఒకసారి అన్నారు.

మాస్టారు శాలువా అంచును రెండు చేతులా పట్టుకున్నారు. ఫోటో అయిపోయాక కూడా వదల్లేదు. సిస్టర్ ఎస్తేరు ఆయన వేళ్లను మెల్లగా విడిపించి, శాలువా మడిచి నాకు తెచ్చి ఇచ్చింది.

నమోదు 315, గురువారం

తాతారావు మాస్టారిలో అల్లుడు.

రెండో మంచానికీ ఆరో మంచానికీ మధ్య గోడ ఉంది. ఇద్దరినీ చూసే నర్సులు వేరు, యంత్రాలు వేరు, గొట్టాలు వేరు. లోపలికి వచ్చే ప్రతిదాన్నీ మా తలుపు పరీక్షిస్తుంది. పెన్ను, కళ్లజోడు, ఫోను, చేతి గోరు, దేన్నీ వదలదు. మాట్లాడే తలుపు అది. మొన్న ఎస్తేరు తలలో మల్లెపువ్వు ఒకటి ఉండిపోతే, "మీ తలలో పూవు ఉంది, వెనక్కి వెళ్లండి" అని వరండా అంతా వినిపించేలా అరిచింది. ఇలాంటి తలుపును దాటి వీడు ఎలా వచ్చాడు?

కుళాయిలు విప్పించాను, ఏమీ లేదు. ఏసీ గొట్టాలు తుడిపించి చూశాను, అక్కడా లేదు. నేలా మంచాలూ తుడిచే మర చక్రాల సందుల్లోంచి నమూనా తీస్తే అది "నా వల్ల ఏదైనా అసౌకర్యం కలిగితే మన్నించండి" అంది. దాని చక్రాలు నా చేతులకన్నా శుభ్రంగా ఉన్నాయి.

సాయంత్రానికి పరిపాలన విభాగం తన వంతు పరిశోధన పూర్తి చేసి ఉత్తర్వు జారీ చేసింది. ఇన్‌ఫెక్షన్లకు కారణం రోగుల బంధువులట. వాళ్లు ఇకమీదట అద్దం దగ్గరగా నిలబడి ఏడవకూడదు. బంధువులు ఈ ఐసీయూలోకి అడుగుపెట్టి ఏళ్లయింది. అద్దం మందం జానెడు.

నమోదు 319, సోమవారం

తాతారావు మాస్టారు ఉదయం పోయారు.

పాత కషాయం ఆయనకు పనిచేయలేదు. ఆయనకు వచ్చిన రకం వేరు. ఆఖరి మందుకు శుక్రవారమే అర్జీ పెట్టాం. ‘రోగి ప్రస్తుత పరిస్థితి తెలుపగలరు’ అని ఇవాళ మధ్యాహ్నం జవాబు వచ్చింది. తెలిపాను.

అద్దం అవతల ఆయన భార్య మాణిక్యాంబ గారు ఉత్తర్వు ప్రకారం దూరంగా నిలబడి ఏడ్చారు. మర వచ్చి ఆరో మంచం తుడిచి, "పడక సిద్ధం" అని ప్రకటించింది. ఏడ్చే తీరిక లేదు, ఎందుకంటే పదకొండింటికి నాలుగో మంచానికి సన్మానం ఉంది.

నాలుగో మంచం నూకరత్నం. నీటి బస్సు నడుపుతుంది. పాత టౌను మీదుగా వెళ్తుంటే నీళ్లలో మునిగి ఉన్న సినిమా హాలు పైకప్పు బస్సుకు తగిలి, స్టీరింగు ఆమె గుండెల మీద పడింది. పక్కటెముకలు విరిగినా ప్రయాణికులందరినీ ఒడ్డుకు చేర్చి, ఆ తర్వాతే స్పృహ తప్పింది. రెండు వారాలు వెంటిలేటర్ మీద ఉండి నిన్న బయటపడింది. గొంతులో ఇంకా గొట్టం ఉంది కాబట్టి మెడకు ఒక బిళ్ల అంటించాం. పెదవులు కదిపితే అది మాటగా పలుకుతుంది. పరికరాల శాఖ వారి పొదుపు పుణ్యమా అని ఆ బిళ్లలో ఉన్నది ఒకే ఒక్క గొంతు, బస్టాండులో ప్రకటనలు చదివే ఆవిడది.

"ఏటండీ డాక్టరమ్మగోరూ, ఈ గొంతేటండీ బాబూ! మా ఆయనతో మాటాడితే, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారమ్మీదకొత్తందో సెబుతున్నానేమో అనుకుని సంచీ పట్టుకు లెగిసిపోయేడండి" అంది బస్టాండు ఆవిడ గొంతుతో.

నవ్వొచ్చింది. పొద్దున్న మాస్టారు పోయిన రోజున నవ్వానని సిగ్గేసింది కూడా.

పేర్రాజు గారు బీరువాలోంచి ఆకుపచ్చ శాలువా తెప్పించి ఆమెకు కప్పారు, ఒకే కుటుంబం అన్నారు, ఫోటో దిగారు. పక్కన ఖాళీ మంచం ఫ్రేములోకి రాకుండా ఫోటోగ్రాఫరు జాగ్రత్తపడ్డాడు.

నమోదు 321, బుధవారం

ఇవాళ నేనొక మహావిజ్ఞాన ప్రయోగం చేశాను. చేతిలో కాఫీ కప్పుతో.

రోగుల నివేదికలు చూస్తూ ఒక సంగతి గమనించాను. అల్లుడు పట్టుకున్నది బాగా జబ్బుగా ఉన్నవాళ్లను కాదు. వెంటిలేటర్ మీద స్పృహ లేకుండా పడి ఉన్నవాళ్లంతా క్షేమంగా ఉన్నారు. కోలుకున్నవాళ్లకే వస్తోంది. రెండో మంచం, ఆరో మంచం, ఇద్దరికీ కోలుకున్న మూడు నాలుగు రోజులకే. బాగుపడటమే ప్రమాదకరం అయిన ఐసీయూ ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా అనుకుంటూ, ఆ ఆలోచనలోనే లేచి లోపలికి నడిచాను. చేతిలో కాఫీ ఉందని మర్చిపోయాను. భుజాల మీద మెరూన్ శాలువా ఉందనీ మర్చిపోయాను.

తలుపు ఆర్భాటంగా తెరుచుకుంది. "దయచేయండి. మీకు అభినందనలు" అంది.

ఆగిపోయాను. ఈ తలుపు కాఫీ వాసనకే కేకలు పెడుతుంది. వెనక్కి వచ్చి శాలువా తీసి కుర్చీ మీద వేసి మళ్లీ వెళ్లాను. "మీ చేతిలో కాఫీ ఉంది. వెనక్కి వెళ్లండి." శాలువా కప్పుకుని వెళ్లాను. "దయచేయండి. మీకు అభినందనలు." శాలువా తీశాను, తిట్టింది. కప్పుకున్నాను, అభినందించింది. వరండాలో ఎస్తేరు నిలబడి చూస్తోంది. నాకు మతి పోయిందనుకుని ఉంటుంది.

"మేడం, తలుపుతో ఏమన్నా గొడవండీ?"

"గొడవ కాదు సిస్టర్. మర్యాద."

తలుపు సంగతులు చూసే ఇంజనీరుకు ఫోను చేస్తే చెప్పాడు. ఎప్పుడో ఒక పెద్దాయన మెడలో గజమాలతో వస్తే తలుపు ఆయన్ని ఆపి, దండ మీద వేడిగాలి ఊది పూలన్నీ మాడ్చేసిందట. పెద్దాయన నొచ్చుకున్నారు. ఆ వారమే తలుపుకు కొత్త పాఠం నేర్పారు. జరీ అంచు ఉన్న శాలువా, దండ, జ్ఞాపిక, వీటిని వస్తువులుగా లెక్కపెట్టకూడదు, పరీక్షించకూడదు, అవి వేసుకున్నవారిని ఆపకూడదు. దానికి వాళ్లు పెట్టిన పేరు ‘మర్యాద మినహాయింపు’.

శాలువాలను ఎవరైనా ఉతుకుతారా అని ఎస్తేరును అడిగాను.

"సన్మానం శాలువాలు ఉతకటవేంటండీ! జరీ నల్లబడిపోదా?"

ఒకరి భుజం మీంచి ఇంకొకరి భుజం మీదికి, మంచం మీంచి బీరువాలోకి, బీరువాలోంచి మళ్లీ మంచం మీదికి. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నీళ్లు తగల్లేదు. మెరూన్ శాలువా అంచు మీంచి నమూనా తీశాను. బీరువాలోని వాటి నుంచీ తీశాను. నాలుగో మంచం నూకరత్నం నుంచి కూడా తీశాను.

నమోదు 322, గురువారం

శాలువాలన్నిటిలో అల్లుడే. హాయిగా, తరతరాలుగా కాపురం ఉన్నాడు. మూడు రకాలుగా ఉన్నాడు. రెండో మంచం మనిషికి వచ్చిన రకం పసుపు శాలువాలో ఉంది. మాస్టారికి వచ్చిన రకం నా మెరూన్ శాలువాలో ఉంది.

నా శాలువాలో. దాన్ని కప్పుకునే నేను కుళాయిలు విప్పించాను.

నూకరత్నానికి వచ్చింది ఆకుపచ్చ శాలువాలోని రకం. మధ్యాహ్నం నుంచి జ్వరం. ఎస్తేరు నాలుగు కాలవల మురుగు వెతికి ఆ రకాన్ని తినే వైరస్‌ను పట్టుకుంది. కషాయం రేపటికి తయారవుతుంది. అయితే అది ఆకుపచ్చ రకాన్నే తింటుంది. ఈలోగా గానీ ఆ తర్వాత గానీ మరో శాలువా ఆమె మీద పడి మరో రకం చేరిందంటే మా దగ్గర ఇంకేమీ లేదు. మాస్టారి దారే.

ఇక్కడే మన అదృష్టం చూడాలి. ‘శుద్ధి పతాకం’ అనే అవార్డు ఇవ్వడానికి రేపు ఆరోగ్యమంత్రి గారు వస్తున్నారు. నీటి బస్సు వీరవనిత నూకరత్నాన్ని స్వయంగా సన్మానిస్తారట. బీరువాలోని శాలువాలన్నీ అప్పుడే పళ్లేల్లో సర్దేశారు.

పేర్రాజు గారి దగ్గరికి పరిగెత్తాను. శాలువా నమూనాను సూక్ష్మదర్శినిలో పెట్టి చూపించాను. ఆయన కన్ను ఆనించి చూశారు. ఆయన చెడ్డ మనిషి కాదు. ఒకప్పుడు మంచి డాక్టరు కూడా.

"వీటిని కాల్చేయాలి సార్. ఆ సభ ఆపేయాలి."

"మంత్రిగారి సభ ఆపటమా? ఏం మాట్లాడుతున్నావమ్మా! కంటికి కనపడనిదాన్ని పట్టుకుని, ఎదురుగుండా కనపడే మనిషిని గుమ్మంలోంచి పొమ్మంటామా?"

"కొత్త శాలువాలైనా తెప్పించండి."

"కొత్తవి మాత్రం ఎక్కణ్ణించొస్తాయి? మంత్రిగారి వాళ్లూ ఎక్కడో కప్పించుకున్నవే పట్టుకొస్తారు. శాలువా కొనేవాణ్ణి నువ్వెప్పుడైనా చూశావా?"

నిజమే. నా జీవితంలో నేను శాలువా కొన్న మనిషిని చూడలేదు.

"పోనీ ఆ అమ్మాయికి కప్పకుండా దణ్ణం పెట్టి ఊరుకోమనండి సార్. జ్వరంగా ఉంది. చచ్చిపోతుంది."

ఆయన "చూద్దాంలే" అన్నారు. మా ఆసుపత్రిలో "చూద్దాంలే" అంటే చూడరని అర్థం.

తలుపుకు ఆ మినహాయింపు తీసేయమని ఇంజనీరును అడిగాను. దానికి కార్యక్రమాల కమిటీ ఆమోదం కావాలట. కమిటీ సభ్యులందరూ సభ ఏర్పాట్లలో ఉన్నారట.

నమోదు 323, శుక్రవారం

పొద్దున్న నూకరత్నానికి కషాయం మొదటి మోతాదు ఎక్కించాం. జ్వరం తగ్గలేదు. తగ్గడానికి రెండు మూడు రోజులు పడుతుంది. అంతవరకు కొత్తగా ఏదీ ఆమెను తాకకూడదు.

"డాక్టరమ్మగోరూ, నేను సచ్చిపోతానా అండీ?" అని బస్టాండు గొంతుతో అడిగింది. ఆ గొంతుతో ఆ మాట వినడం కన్నా ఘోరం ఉండదు.

"పోవు. నిన్నెవరూ ముట్టుకోకుండా చూసుకుంటాను" అన్నాను. ఎలాగో మాత్రం తెలీదు.

మంత్రిగారు డప్పులతో వచ్చారు. వెనక పాతికమంది. ఇద్దరి చేతుల్లో పళ్లేలు, పళ్లేల్లో మడతపెట్టిన శాలువాలు. ఆకుపచ్చ, పసుపు, నీలం, వాళ్లు తెచ్చినవి ఇంకో రెండు. మంత్రిగారి భుజాల మీద ఒకటి అప్పటికే ఉంది. తలుపు దూరం నుంచే ఆయన్ని చూసి "దయచేయండి" అని తెరుచుకుంది. అద్దం అవతల నూకరత్నం మంచం కనిపిస్తోంది.

అప్పుడు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది. ముందుగా అనుకున్నది కాదు. ఆరో మంచం ఖాళీగా కనిపించింది, అంతే.

"అయ్యా, లోపలికి రాకండి. మాకు మైల."

డప్పులు ఆగిపోయాయి. గడప మీద పెట్టబోయిన పాదాన్ని మంత్రిగారు గాల్లోనే ఆపారు.

"మైలా? ఎవరికీ?"

"వార్డుకండి. సోమవారం మా ఇంటి మనిషి పోయారు. తాతారావు మాస్టారని, డ్రాయింగు చెప్పేవారు. ఇవాళ ఐదో రోజు."

పేర్రాజు గారు గబగబా ముందుకొచ్చారు. "అదేంటమ్మా దమయంతీ, ఆయన పేషెంటు కదా! మనింటి మనిషేంటి?"

"మనమంతా ఒకే కుటుంబమని మీరేగా సార్ చెప్పారు. మాస్టారికి శాలువా కప్పినప్పుడే చెప్పారు, రెండుసార్లు. కుటుంబంలో పెద్దాయన పోతే పదకొండు రోజులు తిరక్కుండా మనం మేళాలు పెట్టుకుని శాలువాలు కప్పుకుంటామా సార్?"

పేర్రాజు గారు నోరు తెరిచారు. కుటుంబం కాదని అందరి ముందూ అనలేరు. కుటుంబమేనని అంటే సభ లేదు. నోరు మూసుకున్నారు.

మంత్రిగారు పాదాన్ని వెనక్కి తీసుకుని, పక్కనున్న సహాయకుడితో గుసగుసగా అన్నారు. "అడుగు లోపలెట్టలేదు కదా?"

"లేదండి. గడప తగల్లేదండి. ఆదివారం శంకుస్థాపన ఉందండి మనకి."

"తెలుసయ్యా, అందుకే అడుగుతున్నా." ఆయన పేర్రాజు గారి వైపు తిరిగారు. "ఇదేం పనండీ! మైల ఉన్న చోటికి శుభకార్యానికి పిలుస్తారా? ఆ పళ్లేల్లోవి ఇక్కడ మసిలిన బట్టలేనా? తియ్యండి, తియ్యండి, దూరంగా పెట్టండి. అన్నీ తడిపించి ఉతికించండి. ఉతక్కుండా మళ్లీ ఎవరికైనా కప్పారంటే ఊరుకోను." తన భుజం మీది శాలువా కూడా రెండు వేళ్లతో తీసి పళ్లెంలో పడేశారు.

మూడు నిమిషాల్లో వరండా ఖాళీ అయింది. సూక్ష్మజీవశాస్త్రంలో నేను చదివిన చదువంతా నిన్న పేర్రాజు గారి గదిలో నిలబడి ఓడిపోయింది. ఇవాళ మా అమ్మమ్మ పాటించిన మైల గడప దగ్గర నిలబడి గెలిచింది. నాకు గర్వంగా ఉందో ఒళ్లు మండుతోందో తెలియడం లేదు.

నమోదు 324, శనివారం

ఎస్తేరు పెరట్లో పెద్ద గంగాళం పెట్టించి శాలువాలన్నీ మరగబెట్టింది.

"మాకు మైలలూ అవీ ఉండవు మేడం. ఉతుకు మాత్రం ఉంది" అంటూ కర్రతో కలుపుతోంది. నీళ్లు ముందు ఎర్రగా, తర్వాత నల్లగా, చివరికి పేరు లేని రంగులోకి మారాయి. పేర్రాజు గారు తన గదిలోంచి పద్నాలుగు శాలువాలు మోసుకొచ్చారు. ఒక్కొక్కటీ ఎవరు కప్పారో చెబుతూ గంగాళంలో వేశారు. చివరిదానికి ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగ వల్ల అన్నారు.

తర్వాత ఆయన లోపలికి వచ్చి ఆరో మంచం దగ్గర నిలబడ్డారు. కాసేపటికి, "డ్రాయింగు మాస్టారన్నావు కదూ. ఏం గీసేవారమ్మా?" అని అడిగారు.

"మునిగిపోయిన వీధులు సార్. జ్ఞాపకం ఉన్నవన్నీ."

"నేనడగలేదే అప్పుడు" అన్నారు.

మైల నేను ఆ క్షణానికి అల్లిన అబద్ధం. కానీ ఇవాళ వార్డులో ఎవరూ పాటలు పెట్టలేదు. ఎవరూ చెప్పకుండానే నర్సులు ఆరో మంచం మీద కొత్త దుప్పటి పరిచి, ఎవరినీ పడుకోబెట్టకుండా ఉంచారు. మర "పడక సిద్ధం" అని ప్రకటించబోతే ఎస్తేరు దాని స్విచ్చి కట్టేసింది.

"నాకూ మైలేనా అండీ?" అని నూకరత్నం అడిగింది. జ్వరం కొంచెం దిగింది.

"నీక్కూడా."

"అలాగైతే మాస్టారి ఈధి నాకు తెల్సండి. రోజూ ఆ ఈధి మీంచే కదండీ బస్సు తోల్తాను. పదడుగుల కిందుంటాది."

నమోదు 331, శనివారం

నూకరత్నం నమూనా శుభ్రంగా వచ్చింది. అల్లుడు వెళ్లిపోయాడు, చెప్పాపెట్టకుండా. రెండో మంచం కొబ్బరి వ్యాపారి కూడా కోలుకున్నాడు. గొంతులో గొట్టం తీసేశాక నూకరత్నం మొదటిసారి సొంత గొంతుతో మాట్లాడితే, అద్దం అవతల మొగుడు గుర్తుపట్టలేదు. "బస్టాండావిడే బాగా మాటాడేదండి" అన్నాడట. రేపు ఇంటికి వెళ్తుంది. పాత టౌను మీద బస్సు ఆగే చోటికి మాస్టారి పేరు పెట్టమని డిపోలో అడుగుతానంది. అడగడమేమిటి, బోర్డు రాయించి పెట్టేసే మనిషి.

తలుపు విషయం రాయాలి. మినహాయింపు తీసేయమన్న నా అర్జీకి కార్యక్రమాల కమిటీ జవాబిచ్చింది. ‘మీ సూచన అందినది. మీకు అభినందనలు.’ అంతవరకు ఎస్తేరు తలుపు బయట ఒక బుట్ట పెట్టింది. శాలువా ఉన్నవాళ్లు అందులో వేసి లోపలికి రావాలి. బుట్ట పక్కన ఆవిడే స్టూలు వేసుకుని కూర్చుంటోంది. ఆవిడను దాటడం తలుపును దాటినంత తేలిక కాదు.

నమోదు 338, శనివారం

మాణిక్యాంబ గారు వచ్చారు. మాస్టారి పెద్దకర్మ అయిపోయి వారం దాటింది.

ఆయన పడుకున్న మంచం ఒక్కసారి చూస్తానన్నారు. రూలు పక్కనపెట్టి, చెప్పులు విప్పించి, చేతులు కడిగించి, సంచీ బయట పెట్టించి లోపలికి తీసుకొచ్చాను. ఆవిడ మంచం కోడు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"మా ఆయన పోతే ఇక్కడ మీరందరూ మైల పట్టారటగా అమ్మా. నూకరత్నం చెప్పింది. మా చుట్టాలే పూర్తిగా పట్టలేదు."

నేను మంచం మీది దుప్పటి సర్దాను.

"ఒక్కటి అడుగుతాను, కాదనకండి. ఆయనకి కప్పారే, ఆ మెరూన్ శాలువా, అది ఇప్పించగలరా? నలభై ఏళ్లు చెప్పారు చదువు. ఒక్కరూ ఒక్కనాడూ పిలిచి కప్పలేదు. అదొక్కటే."

శుభ్రమైన బట్టలు పెట్టే అలమరలో ఉంది అది. రంగు వెలిసిపోయి, జరీ నల్లబడి, గుడ్డపేలికలా ఉంది. తీసి చేతిలో పట్టుకున్నాను. ఊరికే ఇచ్చేయవచ్చు. ఆవిడ దాన్ని పెట్టెలో దాచుకుని, రోజూ తీసి చూసుకుంటుంది. అది నాకు భరించరానిదిగా అనిపించింది.

"అమ్మా, ఇది నా శాలువా. ఆయనకి జబ్బు వచ్చింది దీని వల్లే. ఇందులో పురుగు ఉండేది, మాకు తెలీలేదు. తెలుసుకోవాల్సిన పని నాదే, తెలుసుకోలేదు. ఇప్పుడు మరగబెట్టాం, ఏమీ లేదు."

ఆవిడ నా మొహం కేసి చూశారు. తిడతారనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"ఆ రోజు అద్దం అవతల నేనున్నానమ్మా" అన్నారు. "కళ్లు తెరిచిన దగ్గర్నించీ చలి చలి అనేవారు. అది కప్పినంతసేపూ అనలేదు."

చెయ్యి చాచారు. ఇచ్చాను. ఆవిడ దాన్ని విప్పి, దులిపి, తన భుజాల చుట్టూ కప్పుకున్నారు. లోపల ఏసీ చలి.

తలుపు దాకా వెంట వెళ్లాను. జరీ నల్లబడినా తలుపు గుర్తుపట్టింది. ఆర్భాటంగా తెరుచుకుంది.

"దయచేయండి. మీకు అభినందనలు."

మాణిక్యాంబ గారు ఆగారు. ఎవరన్నారా అని అటూ ఇటూ చూశారు. ఎవరూ కనపడలేదు. శాలువా అంచు సర్దుకుని, తలుపుకు రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టి, వెళ్లిపోయారు.